పొగ తాగిన ఇటుకలు

డ్రమ్ము మూత పక్కకు జరిపి నాగరత్నమ్మ చుట్టూ చూసింది. చక్కెర ఫ్యాక్టరీ వెనక షెడ్డులో ఎవరూ లేరు. కూతురు పవిత్ర, ఎదురింటి నందిని బయట వేపచెట్టు కింద అన్నం తింటున్నారు.

ఇద్దరూ చిత్తూరు పాలిటెక్నిక్‌లో ఆఖరి సంవత్సరం. గ్యాసు వెల్డింగు షాపులు పారబోసే తెల్ల సున్నపు బురదతో క్లాసువాళ్లంతా ఇటుకలు చేసి, బాగా ఎండబెట్టి, ఎవరివి వాళ్ల డ్రమ్ములో పేర్చారు. బాయిలరు పొగను గొట్టాలతో అందులోకి పంపుతున్నారు. పొగలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని సున్నం రాయవుతుందట. ఎవరి ఇటుకలు ఎక్కువ బరువు మోస్తే వాళ్లకు ఈ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. మిగిలినవాళ్లు మద్రాసు దారి పట్టాల్సిందే.

మద్రాసు అంటేనే నాగరత్నమ్మకు భయం. పవిత్ర ఏ లారీ కిందో పడినట్టు, హాస్టల్లో జ్వరంతో ఒంటరిగా మూలుగుతున్నట్టు పట్టపగలే కళ్లకు కడుతుంది. నందిని తల్లి పంకజాక్షికి ఏ దిగులూ లేదు. నోరు తెరిస్తే మా నందిని మార్కులు, మా నందిని తెలివి. వింటుంటే ఒళ్లు మండిపోతుంది. పిల్లలిద్దరి క్యారియర్లూ తల్లులు వంతులవారీగా తెస్తారు. ఈరోజు వంతు నాగరత్నమ్మది.

ఎండిన సున్నం నీళ్లకు నానితే ముద్దే కదా అనుకుంది. నందిని ఇటుకలమీద పక్కనున్న నీళ్ల బిందె వంచి, మూత పెట్టేసింది.

ఆ తర్వాత అన్నం సహించలేదు. ఎవరైనా చూసుంటే? కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటే?

పరీక్ష రోజు తల్లులిద్దరూ వచ్చారు. మిషను కింద ఒక్కొక్కరి ఇటుకలూ పిండి అవుతున్నాయి. నందినివి మాత్రం నిలిచాయి. నీళ్లు పోసినవి ఎట్లా నిలిచాయో నాగరత్నమ్మకు అర్థం కాలేదు. చివరగా పవిత్రవి పెట్టారు. అవి నందినివాటికంటే ఎక్కువే మోశాయి. ఉద్యోగం పవిత్రకే.

పొడి సున్నం పొగను పీల్చదనీ, తడి ఉంటేనే పీలుస్తుందనీ పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే గోవిందస్వామి సారు అందరికీ వివరించాడు.

"మీ ఇద్దరి ఇటుకలే లోపలిదాకా తడిసుండాయి. తడపాలని ఎవురు జెప్పినారమ్మా మీకు?"

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. తనకు కూడా చెప్పకుండా ఎంత తెలివిగా తడుపుకుంది తన బిడ్డ అని నాగరత్నమ్మ పొంగిపోయింది. పంకజాక్షి వైపు గర్వంగా చూసింది.

పంకజాక్షి మొహం పాలిపోయి ఉంది. వచ్చి నాగరత్నమ్మ చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కెళ్లింది.

"అక్కా, ఆ నీళ్ల సంగతి..."

తెలిసిపోయింది. ఇక వీధిలో తలెత్తుకోవడం ఎట్లా? కాళ్లమీద పడిపోదామని నాగరత్నమ్మ వంగబోయింది.

పంకజాక్షే ముందు ఆమె కాళ్లు పట్టుకుంది.

"పవిత్ర ఇటుకలమీద పోసింది నేనే."