ఎవరూ వినని పాట

సౌందర్య పల్లవి ముగించి చరణం ఎత్తుకోబోతుండగా, కెంపమ్మ ముందు వరుసలోంచి లేచి గబగబా వేదికెక్కింది.

“ఆపమ్మా. ఈ పాట నీకు యాడ దొరికింది?”

హార్మోనియం ఆగిపోయింది. హోసూరు కల్యాణమంటపంలో ఆ సాయంత్రం నాగేశప్ప సంస్మరణ సభ. నలభై ఏళ్లు నాటకాలకు పాటలు కట్టిన మనిషి పోయి నెల రోజులైంది. ఆయన పాటలు అందరికంటే ఎక్కువ పాడింది కెంపమ్మే. రాణి వేషం కట్టి ఆమె గొంతెత్తితే, డెంకణికోటలోనైనా కుప్పంలోనైనా జనం కూర్చున్న చోటు నుంచి కదిలేవారు కాదు. ఆయన ఏ పాట రాసినా మొదట తన చెవినే పడుతుందని ఆమె నమ్మకం.

ఇప్పుడు ఆయన దగ్గర రెండేళ్లు నేర్చుకుని క్యాసెట్లకు పాడుతున్న ఈ పిల్ల, “సారు మీద ప్రేమతో ఎవరూ వినని పాటొకటి పాడతాను” అని మొదలుపెట్టింది.

రంగు కడిగినా పోని రూపమా,
తెర దించినా ఆగని రాగమా,
ఏ ఊరి దారి పట్టినావు, నన్ను మరిచి?

వింటూనే కెంపమ్మ గుర్తుపట్టింది. ఆ మాటల అల్లిక ఆయనదే. ఇన్నేళ్లలో రాణులు పాడేవి రాశాడు గానీ, కెంపమ్మకని ఒక్కటి రాయలేదు. ఈ పిల్లకు రాసిచ్చాడా?

“నా దగ్గరే ఉందక్కా” అంది సౌందర్య మెల్లగా.

“నీ దగ్గరుంటే నీదైపోతుందా? అది ఆయన నాకు రాసిన పాట.”

మైకు లాక్కుని జనం వైపు తిరిగింది. “వినండప్పా. వేప్పనపల్లికి ఆటకు పోయినప్పుడు, మామిడితోపులో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకోని రాసినాడు. ‘కెంపా, ఇది నాటకానికి కాదు, నీకే’ అన్నాడు. ఇన్నేండ్లు నేను నోరు విప్పలేదు.”

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఆమెకే తెలియదు. చెబుతుంటే ఆ తోపు, ఆ నీడ కళ్లకు కట్టాయి. జనంలో గుసగుసలు లేచాయి. నాగేశప్ప భార్య మారక్క తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కెంపమ్మ అటు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

హార్మోనియం ముత్తప్పకు నమ్మకం కుదరలేదు. “ఆయన రాసిందేనని ఎట్ల చెప్తావు కెంపమ్మా?”

“ముప్పై ఏండ్లు ఆయన పాటే నాకు కూడు పెట్టింది. ఈ భూమ్మీద ఇంకొకరు ఈ మాటలు రాయలేరు.” వేదిక మీదున్న నాగేశప్ప పటం మీద చెయ్యి వేసింది. “ఇదో, ఒట్టు.”

సౌందర్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడిపోయింది, అనుకుంది కెంపమ్మ.

ఆ పిల్ల దగ్గరికొచ్చి, అరచేత్తో మైకు మూసి, కెంపమ్మకు మాత్రమే వినబడేలా అడిగింది.

“నిజంగా ఆయన రాసినట్టే ఉందా అక్కా? సారు పోయినారని తెలిసిన దినం, కెలమంగలం బస్సులో ఏడ్చుకుంటా నేనే రాసినాను.”