నలభై ఒక్క ఓట్లు

ఫుట్‌బాల్ జట్లకు కోచ్‌లను తీసేశాక, ఎవరిని ఆడించాలో ఎవరిని ఆటలోంచి దించాలో అభిమానుల ఓట్లే తేలుస్తున్నాయి. ఆ సాయంత్రం ఎస్తేరమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, గోడ మీది తెరలో కొడుకు జోయెల్ ఆట చూస్తోంది. అతను ఎడమకాలు ఈడుస్తున్నట్టు ఆమెకు కనబడింది. ఇంతలో తెర మీద అతని గురించి ఓటింగు రాగానే "దించాలి" అని నొక్కింది.

"అదేటొదినా, సొంత కొడుకునే దించీమంతావా?" అంది పక్కింటి సువార్త.

"ఆడి కాలు బాగోలేదే."

రెండు లక్షల మంది ఆడించమన్నారు. దించమన్నది నలభై ఒక్కరే. జోయెల్ గోల్ కొట్టి, అక్కడే కూలబడ్డాడు.

మర్నాడు ఆసుపత్రిలో, కట్టు కట్టిన కాలితో పడుకుని అడిగాడు. "నువ్వేం నొక్కావమ్మా?"

"దించీమన్నానురా."

"ఆటగాడిక్కూడా ఒక ఓటిస్తారమ్మా. నేనూ అదే నొక్కాను."