చిగురేశాకే పంపు

ఉద్యాన కాలేజీ దరఖాస్తుకి ఇవాళే ఆఖరు రోజు. మనవరాలు ఫోనులో అన్నీ నింపి ఉంచింది. కానీ నర్సరీ నడిపే తాత, ఆమె కట్టిన మొదటి అంటు మొక్కని నెల కిందటే నీడగదిలో పెట్టి, "ఇది చిగురేశాకే పంపు. అందాకా తొంగి చూడకు" అన్నాడు.

ఇవాళ పొద్దున్నే కేకేశాడు. "ఒసేయ్ పిల్లా, చిగురేసింది! పంపెయ్!"

ఆమె ఫోనుతో పరుగెత్తుకొచ్చింది. నొక్కబోతూ కుండీ మీదికి వంగి చూసింది. వేలు ఆగింది.

"ఇది అతుకుకి కింద వచ్చింది తాతా. అడుగు మొక్కదే ఈ చిగురు. నేను కట్టిన కొమ్మ ఎండిపోయింది." ఆమె మొహం వాడిపోయింది. "ఇంకేం పంపుతాను?"

తాత పకపకా నవ్వాడు. "అది పోయి వారమైందే! నువ్వు కనిపెడతావో, గంతులేస్తావో చూద్దామనే ఆపాను. నా మొదటి అంటుకి ఇలాంటి చిగురే చూసి నేను గంతులే వేశాను. ఊఁ, నొక్కు!"