ఎవరి తరఫు మనిషి

పైడితల్లి వెనకగదిలో అద్దెకు దిగిన ముసలాయన పొద్దున్న గుడి అరుగు మీద కూర్చుని మసీదు వాళ్ళ పాట పాడుతున్నాడట. సాయంత్రం మసీదు ఎదుట టీకొట్లో కూర్చుని గుడి వాళ్ళ పాట పాడుతున్నాడట.

పక్కింటి సింహాచలమ్మకు ఈ సంగతి చెప్పింది ఆవిడ అల్లుడు బలరామ్. అతనికి ఎవరు చెప్పారో ఆవిడ అడగలేదు.

“జాగర్త వదినా. అసలే మంగళారం ఘటం ఎత్తాల్సినదానివి.”

సింహాచలమ్మ ఆ మాట అనేసరికి పైడితల్లికి ఘటం బెంగ పట్టుకుంది.

హిందీ ఊరికి వలసొచ్చి స్థిరపడ్డ బిర్సానగర్ తెలుగువాళ్ళ అమ్మవారి ఘటం ఏటా మసీదు సందులోంచే గుడికి వెళ్తుంది. ఆ కుండ నెత్తికెత్తుకునేది పైడితల్లే. అత్తగారు పోతూ పోతూ అప్పజెప్పిన మొక్కు. నిరుడు సరిగ్గా నమాజు వేళకు సందులో డప్పులు మోగాయి. మాటామాటా పెరిగి చేతుల దాకా వచ్చింది. ఈసారి ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే ఊరేగింపు అన్నాడు పోలీసు థానా ఇన్‌స్పెక్టరు. ఎత్తిన ఘటం దారి మార్చకూడదు. మార్చకపోతే మసీదు వాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళు ఒప్పుకోకపోతే ఘటమే లేదు.

ముసలాయన పేరు ప్రసన్న. హిందువులకూ ఉంటుంది ఆ పేరు, క్రైస్తవులకూ ఉంటుంది. బరంపురం కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవాడట. ఈ రోజుల్లో ఫోను కూడా లేని మనిషి. చర్చి కేకు తెచ్చుకునేవాడు, గురుద్వారా హల్వా తెచ్చుకునేవాడు, గుడి పులిహోర తెచ్చుకునేవాడు. అన్నీ ఆ ఒక్క సత్తు పళ్ళెంలోనే తినేవాడు.

ఆ సాయంత్రం పైడితల్లి ఉండబట్టలేక అడిగేసింది.

“మీది ఏ మతం బాబూ?”

“ఎందుకమ్మా? మంచినీళ్ళు ఇవ్వాలా వద్దా అనా?”

“అది కాదు. ఊరికినే.”

“ఊరికినే అయితే తొందరేముంది, ఇంకోసారి చెప్తాను.”

“గుడి కాడ ఆల మాటలు, మసీదు కాడ మన మాటలు సెప్తన్నారంట గదా?”

“అవును, చెప్తున్నాను.”

కాదంటాడనుకుని వచ్చింది పైడితల్లి.

“ఎందుకలాగ?”

“అవతలి వాడి మాట తిన్నగా అప్పజెప్పగలిగితే, అప్పుడు హాయిగా పోట్లాడుకోవచ్చమ్మా. వీళ్ళు పోట్లాడుకుంటున్నది ఎవరితోనో వీళ్ళకే తెలీదు. నేను చదివిన ఫిలాసఫీ అంతా కలిపి ఇంతే.” నవ్వాడు. “ఒకటి అడుగుతాను. ఘటం దారి ఎందుకు మార్చకూడదు?”

“మా అత్త సెప్పింది.”

“ఆవిడకెందుకు తోచింది?”

ఎవరూ ఎప్పుడూ అడగలేదు ఈ ప్రశ్న.

“పుట్టింటికొచ్చీ ఆడపిల్లని దొడ్డిదారిన తెత్తామేటి బాబూ?”

ముసలాయన మొహం వెలిగిపోయింది. “ఈ మాట నేను వాడుకోవచ్చా?”

వాడుకోవడమేమిటో, ఎక్కడ వాడుకుంటాడో ఆవిడకు బోధపడలేదు. మంచోడో, మాయగాడో అంతకన్నా బోధపడలేదు.

శుక్రవారం పొద్దున్నే గుడి కమిటీ చంద్రశేఖర్ వచ్చాడు.

“ఆ ముసిలోడు ఎవులి తరఫో తెల్డం నేదు పిన్నీ. పండగ ముంగిట మనకెందుకీ లఫ్డా? పంపీ.”

పంపేసింది. ముసలాయన కారణం అడగలేదు. పక్క చుట్టుకుని, సాక్చి బజారు వైపు వెళ్ళే ఆటో ఎక్కుతూ, “కుండ బరువుగా ఉంటుందా అమ్మా?” అని మాత్రం అడిగాడు.

“అలవాటే,” అంది పైడితల్లి. ఎక్కడికెళ్తున్నారని అడగలేదు.

ఆదివారం థానా ఆవరణలో ఇరుపక్షాల పెద్దలతో శాంతి సమితి కూర్చుంది. మసీదు పెద్ద అన్వర్ చాచా ముందు లేచాడు. హిందీలో, నెమ్మదిగా మాట్లాడాడు.

“మీరు పంపిన ముసలాయన అంతా చెప్పాడు. పుట్టింటికొచ్చే ఆడపిల్లని దొడ్డిదారిన ఎవడు తెస్తాడు? మేమూ తేము. సందులోంచే రండి.”

పైడితల్లి తలెత్తి చూసింది. అది తన నోటి మాట.

చంద్రశేఖర్ తడబడుతూ లేచి హిందీలోనే అందుకున్నాడు. “మీరు పంపినాయన మాకూ చెప్పాడు చాచా. నమాజంటే పైవాడి ఎదుట నిలబడి మాట్లాడుకోవడమట. మధ్యలో డప్పు మోగితే ఆ మాట తెగిపోతుందట. సందులో డప్పు ఆపేస్తాం.”

“మేం పంపడమేమిటి? ఆయన మీ మనిషి కదా!”

“మా మనిషా? మీ వాడనే గదా మేం విన్నది!”

గుసగుసలు మొదలయ్యాయి. ఎవరూ పంపని మనిషి చెప్పిన మాట ఎవరి మాట? పోనీ డప్పు ఎక్కడ ఆపాలి? సందు మొదట్లో అన్నారు గుడి వాళ్ళు. కాదు, సందుకు ముందున్న చౌరస్తాలోనే అన్నారు మసీదు వాళ్ళు. గొంతులు లేచాయి. నిరుటి దెబ్బలు మళ్ళీ గుర్తొచ్చాయి.

ఇన్‌స్పెక్టరు కలం మూసేశాడు.

“ఆ ముసలాయన చెబితే వింటారా?”

“వింటాం,” అన్నాడు అన్వర్ చాచా.

“వింటాం,” అన్నాడు చంద్రశేఖర్.

“అయితే పిలిపించండి. అతనొచ్చాకే పర్మిషన్. ఇంతకీ ఎవరి తరఫు మనిషి?”

“మా తరఫే,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

“ఎక్కడుంటాడు?”

వెనక బెంచీలోంచి పైడితల్లి లేచి నిలబడింది.

“మా ఎనకగదిలో ఉండీవోడు బాబూ. ఎవులి తరఫోడో తెల్డం నేదని మొన్న శుక్కురోరం మేవే ఎల్లగొట్టీసినాం.”