వయసు చూసే అమ్మాను

“ఇరవయ్యేళ్ళ పిల్లాడికి మత్తు గమ్మీలు అమ్ముతావా?” అంటూ ధర్మారావు ఖాళీ ప్యాకెట్‌ని కౌంటర్ మీదికి విసిరికొట్టాడు.

ఫ్రిస్కోలో ఆ గ్యాస్ స్టేషన్ షాపు ఈశ్వరయ్యది. ప్యాకెట్ మీద గంజాయి ఆకు లాంటి బొమ్మ, కింద హెంప్ అని పెద్ద అక్షరాలు. ఆ జెల్లీ బిళ్ళలు నాలుగు తిని కారెక్కిన ధర్మారావు కొడుకు నిశాంత్ కరెంటు స్తంభాన్ని గుద్దేశాడు. రెండు రోజులుగా ఐసీయూలో కళ్ళు తెరవలేదు.

ఇరవై ఒకటి నిండనివాళ్ళకి ఆ సరుకు అమ్మకూడదని రాష్ట్రం రూలు పెట్టింది. అందుకే ధర్మారావు వట్టి చేతులతో రాలేదు. కంప్లైంట్ రాసిచ్చి, స్టేట్ ఇన్‌స్పెక్టరమ్మని వెంటబెట్టుకొచ్చాడు. ఈ షాపుకి తాళం పడితే తప్ప ఆ తండ్రి కడుపుమంట చల్లారేలా లేదు.

“ఐడీ స్కాన్ చేయకుండా నేనెవరికీ అమ్మనండీ. నాకూ పిల్లలున్నారు,” అంటూ ఈశ్వరయ్య స్కానింగ్ మెషిన్‌ని ఆవిడ వైపు తిప్పాడు.

ఆవిడ రికార్డు సరిచూసింది. నిశాంత్ చూపించిన డ్రైవింగ్ లైసెన్సు అసలుదే. దాని ప్రకారం నిశాంత్‌కి ఇరవై ఒకటి నిండి మూడు నెలలు.

“అబద్ధం. మొన్న ఆదివారమేగా వాడి ఇరవయ్యో పుట్టినరోజు చేశాం,” అన్నాడు ధర్మారావు.

లైసెన్సులో తేదీ తప్పయితే ఇప్పుడే చెప్పమంది ఆవిడ. షాపులో అమ్మకాలు ఈ పూటే ఆపించి, ఆ తేదీ పాస్‌పోర్టులోకీ ఇమిగ్రేషన్ కాగితాల్లోకీ ఎలా వచ్చిందో విచారించమని పైకి రాస్తానంది.

వచ్చే వారమే ఆ ఇంట్లో అందరికీ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. ధర్మారావు స్క్రీన్ మీద తేదీ వైపు చూశాడు. అంతసేపూ ఎగిరిన మనిషి నీరుకారిపోయాడు. తనే పొరబడ్డానని, మావాడికి ఇరవై ఒకటేనని చెప్పి కంప్లైంట్ వెనక్కి తీసుకున్నాడు. షాపు తప్పేమీ లేదని రాసుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

ఈశ్వరయ్యకి అప్పుడొచ్చింది కోపం.

“కన్నకొడుకు వయసెంతో తెలీకుండానే నన్ను రోడ్డున పడేద్దామని వచ్చారా?”

ధర్మారావు ఖాళీ ప్యాకెట్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

“వాడికి ఇరవయ్యేనండీ. ఏడాది ముందే ఒకటో తరగతిలో చేర్చుకుంటారని, ఆ తేదీ రాయించింది నేనే.”