ఎర్రతోకలు

“నా బంగారుకొండవే, ఒక్క నిమిషం కదలకమ్మా” అంటూ చిన్నకోడలు ఎర్రతోక ఎలుకను అరచేతిలోకి తీసుకుంది.

పక్కబల్ల దగ్గర మార్కులు వేస్తున్న పెద్దకోడలు తల ఎత్తకుండానే ఓ కంట కనిపెట్టింది. కాకిపిల్ల కాకికి ముద్దని ఊరికే అన్నారా? దొరికింది దొంగ, అనుకుంది.

“ఆ ఎర్రతోకలు ఎవరివో తెలిసిపోయిందేంటి నీకు?” అంది మామూలుగా అడిగినట్టు.

“నాకెలా తెలుస్తుందక్కా? సారు ఎవరికీ చెప్పరుగా. దీనికి కాస్త భయమెక్కువ, బుజ్జగిస్తే గానీ నడవదు.”

తెలీదట. పాపం, నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల మరి.

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. పని చేసేదీ ఒకే చోట, నరాల మందులు పరీక్షించే ప్రయోగశాలలో. చిన్నదాన్ని ఇక్కడ చేర్చుకోమని ప్రొఫెసరుగారి చుట్టూ తిరిగింది పెద్దకోడలే. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆమెకు తర్వాత తెలిసింది. నలిగిన నరం చచ్చిపోకుండా కాపాడే మందొకటి ఆమె ఏళ్ళ తరబడి తంటాలు పడి తయారు చేసుకుంటే, వచ్చిన ఏడాదికే ఆ పిల్ల దానికి పోటీగా ఇంకోటి తెచ్చి పెట్టింది. రెంటిలో ఒక్కదాన్నే ముందుకు తీసుకెళ్తానన్నారు ప్రొఫెసరుగారు. రెండోది అటకెక్కాల్సిందే.

ఎలుకలకు మత్తిచ్చి, వెనకకాలి నరాన్ని కాసేపు నొక్కి వదిలారు. అలా చేస్తే ఎలుక ఆ కాలు ఈడుస్తూ నడుస్తుంది, వేళ్ళు ముడుచుకుపోతాయి. నరం మెల్లగా తనంతట తానే కోలుకుంటుంది, మందు పడితే ఇంకా త్వరగా. సగం ఎలుకల తోకలకు ఎర్రరంగు, సగానికి నీలంరంగు పూశారు. రోజూ ప్రొఫెసరుగారే తలుపు వేసుకుని వాటికి ఇంజక్షన్లు చేస్తున్నారు. ఏ రంగు ఎవరి మందో ఆయన కడుపులోనే ఉంది. కోడళ్ళిద్దరూ విడివిడిగా నడక చూసి పదికి ఇన్నని మార్కులు వేయాలి. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని ఆ ఏర్పాటు.

చెప్పకపోతే మాత్రం మొగ్గకుండా ఉంటుందా? ఆ ముద్దుమాటలు విన్నది మొదలు పెద్దకోడలి కళ్ళకు ఎర్రతోకలే చురుగ్గా కనిపించసాగాయి. తోక పట్టి ఎత్తితే, విసనకర్ర విచ్చినట్టు వాటి వేళ్ళే ముందు విచ్చుకుంటున్నాయి. ఆమెకు కడుపు మండిపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారు రెండోసారి కూర వడ్డించుకుంది.

“ఎంత కమ్మగా ఉందే! చిన్నదానా, నీ చేతిలో ఏదో మహిమ ఉంది.”

“నేను కాదత్తయ్యా, అక్క చేసింది.”

అత్తగారు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించింది. “అదీ సంగతి. ఉప్పు రవ్వంత ఎక్కువైందేమో అని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నా.”

చిన్నకోడలికి నవ్వాగక మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. పెద్దకోడలు నవ్వలేదు. సరే, ఇంట్లో ఎలాగూ తనకి రెండో పీటే. ప్రయోగశాలలో కూడా ఆ పిల్లే గెలిస్తే ఇక తలెక్కడ పెట్టుకోవాలి?

మర్నాడు ఒక ఎర్రతోకకు ఏడు వేయాల్సిన చోట ఆరు వేసింది. ఎవరైనా చూశారేమోనని అటూఇటూ చూసింది. ఆ తర్వాతి రోజు ఐదు వేసింది, అటూఇటూ చూడలేదు. నీలంతోకలకు మాత్రం ధారాళంగా ఎనిమిదేసి. అబద్ధమేం కాదు, కాస్త గట్టిగా దిద్దుతున్నానంతే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. తప్పు చేసేవాళ్ళకి దానికో ముద్దుపేరు దొరక్కపోదు లెండి.

ఒకరోజు చిన్నకోడలు బిక్కమొహం వేసుకుని వచ్చింది.

“అక్కా, నాకు రెండు రంగులూ ఒకలాగే నడుస్తున్నట్టున్నాయి. నాకు చూడటం రావట్లేదేమో. ఎలా చూడాలో ఒక్కసారి చెప్పవా?”

“చూడగా చూడగా అదే వస్తుంది. చెబితే వచ్చే విద్య కాదిది.”

“అంతేనంటావా” అని ఆ పిల్ల ఉసూరుమంటూ వెళ్ళిపోయింది. పెద్దకోడలికి ఆ పూట ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

చివరికి ప్రొఫెసరుగారు ఇద్దరినీ గదిలోకి పిలిచారు. ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

“చిన్నమ్మాయి లెక్కలో రెండు రంగులకీ తేడానే లేదు. నీ లెక్కలో చూస్తే నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఏంటమ్మా ఇది?”

“దానికింకా చూపు కుదరలేదు సార్” అంది పెద్దకోడలు మెత్తగా.

“అయితే నీలంవాటికి మందు బాగా పనిచేసిందంటావు.”

“కళ్ళ ముందే కనిపిస్తోంది కదా సార్.”

“ఎర్రవాటికి చేయలేదంటావు.”

“చేయలేదు సార్.”

“ఖాయంగా?”

“ఖాయంగానే సార్.”

చిన్నకోడలు కలగజేసుకుంది. “అక్క చెప్పిందే సరైనది సార్. అక్క చూపు నాకెక్కడిది? నా మార్కులు పక్కన పెట్టేయండి. నా మందు పోతే పోయింది, మళ్ళీ మొదలుపెట్టుకుంటాను.”

పెద్దకోడలు చటుక్కున ఆ పిల్లవైపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఈ పిల్లమీదనా తను కత్తి కట్టింది? ఇప్పటికైనా నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోతుంది. ఏళ్ళ తరబడి పడ్డ కష్టం, అత్తగారి మాటలు, అటకెక్కబోయే తన మందు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తన మార్కుల కాగితాన్నే ఆయన ముందుకు ఇంకాస్త జరిపింది.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ఆమె మొహంలోకి చూశారు.

“రెండు రంగులకీ నేనిచ్చింది ఉత్త ఉప్పునీళ్ళేనమ్మా.”