కాగితంలో లేని మాట

గల్ఫ్‌కి నర్సుగా వెళ్తున్న అరుణకుమారికి కలకత్తా ఖిదిర్‌పూర్‌లోని ఏజెంటు ఒక కాగితం ఇచ్చి, తనే పైకి చదివి వినిపించాడు. మందులు తీసుకెళ్తే డాక్టరు చీటీ ఉండాలి. మధ్యాహ్నం ఎండలో తిరగకూడదు. దిగగానే పాస్‌పోర్టు యజమానికి అప్పగించాలి.

"ఇక రోజూ అక్కరకొచ్చే అరబ్బీ మాటలు. షుక్రన్ అంటే థాంక్స్. నామ్ అంటే అవును. హాదిర్ అంటే చిత్తం."

"కాదు అనడానికి ఏటంటారు బాబూ?" పక్కన కూర్చున్న తల్లి కామాక్షమ్మ అడిగింది.

"ఆ మాటతో పని పడదమ్మా."

"పడితేనో?"

ఏజెంటు విసుగ్గా అరుణ వైపు తిరిగాడు. "మీ అమ్మ గడప దాటి ఎరగదు, అందుకే ఈ భయాలు. ఆ పాస్‌పోర్టు ఇలా ఇవ్వు. విమానం ఎక్కే రోజు నేనే ఇస్తాను."

అరుణ తల్లి వైపు చూసింది. కామాక్షమ్మ తలాడించింది.

"లా," అంది అరుణ. పాస్‌పోర్టు సంచీలో వేసుకుని జిప్పు లాగింది.

ఏజెంటు తెల్లబోయాడు. "లా అంటే కాదని నీకెవరు చెప్పారు? కాగితంలో లేదే."

కామాక్షమ్మ లేచి నిలబడింది.

"నానే సెప్పినాను. పద్దెనిమిదేళ్ళ కిందట నన్నూ ఈ బల్ల ముందే కూకోబెట్టి ఇదే కాగితం సదివినావు. అప్పుడూ ఆ మాట నేదు. ఆ ఒక్క మాట నేర్సుకోడానికి, అక్కడ ఒకరింట వంట సేసుకుంట, నాకు నాలుగేళ్ళు పట్టింది బాబూ."